నెల్లూరు తీరం: ఓడ నుంచి, ఒడ్డు నుంచి

1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు పొలం దున్నుతూ ఉండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే పాడుపడిన చిన్న గుడి. దాని అడుగున ఒక కుండ. కుండలో బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా భాగం మూసలోకి పోయి కరిగిపోయాయి. వార్త ఆర్కాటు నవాబు కుటుంబానికి చేరేసరికి ముప్పై పైచిలుకు మాత్రమే మిగిలాయి. వాటిమీద ఉన్న బొమ్మలు రోము చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌లవి, ఫాస్టినా రాణిది. అంటే క్రీస్తు శకం రెండవ శతాబ్దపు డబ్బు. కొన్ని నిన్ననో మొన్ననో అచ్చువేసినంత కొత్తగా ఉన్నాయట. కొన్నిటికి బెజ్జాలు, ఎవరో ఆభరణంగా ధరించినట్లు.

ఈ సంగతి మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఉత్తరం ద్వారా కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి పత్రికకెక్కింది. ఆ ఉత్తరంలో గవర్నరు పేరుంది, నవాబు కొడుకు పేరుంది, పదహారు వందల ఏళ్ళ క్రితం చనిపోయిన రోము రాణి పేరుంది. దున్నినవాని పేరు లేదు. నెల్లూరు తీరపు చరిత్ర యావత్తూ ఇదే పద్ధతిలో వ్రాయబడింది.

మధ్యధరా సముద్రం ఎక్కడ, పెన్న ఎక్కడ! కాని ఆ నాణేలు ఊరకే రాలేదు. భారతదేశం ఏటా రోము నుంచి అయిదు కోట్ల సెస్టెర్సులు లాగుకొనిపోతున్నదని ప్లినీ ఏడ్చాడు. ఆ డబ్బుతో కొన్నది మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు బట్ట. అటునుంచి వచ్చినవాటిలో మధ్యధరా సముద్రగర్భపు ఎర్ర పగడం ఒకటి. రోమువారు ముత్యానికి ఎంత విలువ ఇస్తారో ఇండియావారు పగడానికి అంత ఇస్తారని ఆ ప్లినీయే వ్రాశాడు. 1945లో వీలర్ తవ్విన అరికమేడు ఈ తీరానికి దక్షిణాన ఉంది. పెరిప్లస్ కర్త సన్నని బట్టలకు పెట్టిన పేరుగా చెప్పిన మసాలియా, అనగా మన బందరు సీమ, ఉత్తరాన ఉంది. నడుమనున్న నెల్లూరు ఒడ్డును గురించి ఆ గ్రీకు నావికుడు పెద్దగా చెప్పలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ తీరాన్ని గురించి మనకున్న పాత వ్రాతలలో చాలా భాగం ఓడమీద నుంచి చూసినవారివి. దూరాన ఒక కొండ, ఒక చెట్ల గుంపు, ఒక గోపురం. ఇవి ఉంటే ఇది ఫలానా రేవు, ఇక్కడ ఇన్ని బారల లోతు అని వారు గుర్తు పెట్టుకుంటారు. వారికి ఒడ్డు అంటే ఒక గీత. ఆ గీత వెనుక ఎవరు ఉన్నారో వారికి అవసరం లేదు, సరుకు వస్తే చాలు. అందుచేత ఈ చరిత్రను కాలినడకను ఒకసారి తిరగవేసి చూడడం మంచిదని నా అభిప్రాయం. చరిత్ర విద్యార్థులు పుస్తకశాలకు ఎన్నిసార్లు పోతారో అందులో పదోవంతు ఇసుకలోకి పోయినా నష్టం లేదు.

నేపుల్సులోనో మార్సేల్సులోనో నడిచే యాత్రికునికి రాతి రేవు కనబడుతుంది, రాతి మెట్లు కనబడతాయి. అక్కడి సముద్రానికి ఆటుపోట్లు స్వల్పం. కొండల సందున ఓడ గోడకు ఆనుకొని నిలబడుతుంది. కనుక రెండువేల ఏళ్ళ నాటి పట్టణం మీద నేటి పట్టణం నిలిచి ఉంది. మన తీరం అటువంటిది కాదు. రాయి లేదు. ఇసుక, ఇసుక వెనుక ఉప్పునేల, దాని వెనుక తాళ్ళు, సరుగుడు తోపులు, ఆ వెనుక వరిపొలం. పెద్ద ఓడ దూరాన లంగరు వేయవలసిందే. అలలు విరిగే చోటు దాటి సరుకును ఒడ్డుకు తెచ్చేది మసూలా పడవ. దాని పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుడతారు. మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ సాగుతుంది, వంగుతుంది, నిలుస్తుంది. దీనిని కనిపెట్టినవాని పేరు కూడ మనకు తెలియదు. కోరమాండల్ వర్తకమని పెద్ద పుస్తకాలలో చదివేదంతా చివరి అరమైలు దూరం ఆ తాటి బలం మీద, ఆ తెడ్డు పట్టిన చేతుల మీద నడిచింది.

నెల్లూరు సీమకు ఉత్తరాన మోటుపల్లిలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం మన పాఠ్యపుస్తకాలలో ఉంది. తుఫానుకు కొట్టుకువచ్చి పగిలిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు లాక్కొనేవారు. నేను ముప్పైకి ఒక వంతు సుంకం తప్ప ఏమీ తీసుకోను అని రాజు ప్రకటించాడు. అరువది ఏళ్ళు నిండకముందే మార్కో పోలో ఆ రాజ్యాన్ని గురించి, దానిని ఏలిన రాణిని గురించి, సాలెగూడు వంటి బట్టను గురించి వ్రాశాడు. శాసనం గొప్పదే, పగిలిన ఓడను దోచుకొనే హక్కును రాజు వదులుకొనడం ఆనాటికి ముందడుగే. కాని అభయం ఎవరికి? సరుకు యజమానికి. పగిలిన ఓడలోంచి బ్రతికి ఒడ్డెక్కిన కళాసీకి గాని, పడవవానికి గాని శాసనంలో చోటు లేదు.

ఇసుకపల్లి దగ్గర దిగి దక్షిణంగా నడిస్తే మొదట ఎదురయ్యేవి పట్టపువారి పాళెములు. ఉదయం ఎండ ముదరకముందే వలలు ఒడ్డుకు వస్తాయి. లాగేవారు ఆడా మగా కలిసి లాగుతారు. వేలం పాటలో ధర నిర్ణయించేవాడు మాత్రం నీళ్ళలోకి దిగడు. ఊటుకూరు వద్ద పెన్న సముద్రంలో కలుస్తుంది. వేసవిలో చూస్తే నది కాదు, ఇసుకతిప్ప. నీరంతా పైన ఆగిపోయింది: 1855లో నెల్లూరు ఆనకట్ట, 1886లో సంగం ఆనకట్ట. ఆ నీటితో పండిన నెల్లూరు బియ్యం మద్రాసు తిన్నది. భూమిగలవాడు బాగుపడ్డాడు. ఈ సముద్రానికి కూతవేటు దూరంలోని అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఇరవై ఏళ్ళ వయసులో తన ఊరి వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టడం మొదలుపెట్టాడంటే దానికి కారణం పుస్తకాలలోనే వెతకనక్కరలేదు. ఆ పొలాల గట్లమీద నడిచినా తెలుస్తుంది.

ఉప్పు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది మన పాఠకులకు కొత్త కాదు కనుక. 1801లో నెల్లూరు కంపెనీ చేతికి వచ్చింది. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు ప్రభుత్వపు గుత్త అయింది. సముద్రం తనంతట తాను పేర్చిన ఉప్పును ఏరుకున్నా నేరమే. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఈ తీరానికి కూడ వచ్చింది, అందరికీ గుర్తున్నది అదే. అంతకు ముందు నూట పాతికేళ్ళు రాత్రిపూట గుప్పెడు ఉప్పు తెచ్చుకొని పట్టుబడిన ఆడవాళ్ళను గురించి ఎవరూ వ్రాయలేదు.

మైపాడు వద్ద ఒడ్డు వదలి కొంచెం లోపలికి పోతే బకింగుహాం కాలువ వస్తుంది. ఈ తీరంలో అన్నిటికంటె పెద్ద చారిత్రక కట్టడం ఇదే అని నేను అంటాను. కోట కాదు, గుడి కాదు, గుంట. పెదగంజాం నుంచి తమిళనాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్ల పొడవున సముద్రానికి సమాంతరంగా పోయే ఉప్పునీటి గుంట. 1806లో బాసిల్ కోక్రేన్ అనే వర్తకుడు మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన చిన్న కాలువతో ఇది మొదలైంది. ముక్కలు ముక్కలుగా పెరిగింది. ఆ ముక్కలను కలిపి పూర్తి చేసినది 1876–78 కరువు.

కరువు పూర్తి చేసిందనడం అలంకారం కాదు. ధాత కరువని నేటికీ మన ముసలివాళ్ళు చెప్పుకొనే ఆ కరువులో పని అడిగిన జనాన్ని కాలువ తవ్వకానికి పెట్టారు. ఖర్చు తగ్గించడానికి పెద్ద దొరతనంవారు పంపగా 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చాడు. ఒక వయోజనునికి రోజంతా మట్టి తవ్వి మోసినందుకు ఒక పౌను ధాన్యం వెల, అంటే నేటి లెక్కకు 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలునని నిర్ణయించాడు. శానిటరీ కమిషనరు కార్నిష్ ఒప్పుకోలేదు. జైలులో ఖైదీకి పెట్టేదానికంటె ఇది తక్కువ, దీనితో కష్టం చేసే మనిషి బ్రతకడు అని వాదించాడు. కొన్ని నెలల తరువాత, మే మాసంలో, మద్రాసు ప్రభుత్వం కూలిని మళ్ళీ పెంచవలసి వచ్చింది. ఆ నడిమి నెలలలో పోయినవారు తిరిగి రాలేదు. 1871 జనాభా లెక్కకంటె 1881 లెక్కలో నెల్లూరు జిల్లా జనం తగ్గింది; పదేళ్ళలో పెరగవలసిన జనం తగ్గడమంటే ఏమిటో ఉపాధ్యాయులు విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు.

కాలువకు గవర్నరు బకింగుహాం ప్రభువు పేరు పెట్టారు. చరిత్రకారులలో కొందరు ఇది కరువు నివారణకు చేసిన మేలని వ్రాస్తారు. మేలు ఉంది, కాదనను. కొన్ని తరాలపాటు నెల్లూరు ఉప్పు, సరుగుడు కట్టెలు, బియ్యం ఈ నీటిమీదనే మద్రాసు పోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కాలువ ఉన్నచోట నీటి ఉరవడి కొంత దానిలో ఆగింది. తవ్వినవారి మునిమనుమలలో కొందరిని అది కాచిందన్నమాట. కాని ఆ మేలు ఎవరి ఖాతాలో వేయాలి? రైలు వచ్చాక కాలువను పట్టించుకొన్నవారు లేరు. 1960ల తుఫానులు గట్లను తెగగొట్టాయి. ఇప్పుడు చాలాచోట్ల తూటికాడ, బురద, రొయ్యల చెరువుల మురుగు.

రొయ్యల మాట వచ్చింది కనుక ఒక అడుగు పక్కకు వేస్తాను. 1990లలో ఈ తీరపు ఉప్పునేలలు, పోరంబోకులు, కొన్నిచోట్ల వరిపొలాలు కూడ చెరువులైనాయి. ఊరి మంచినీరు ఉప్పెక్కింది. పట్టపువాళ్ళు ఒడ్డుకు పోయే దారులు మూసుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర నియంత్రణ ప్రాంతంలోని ఇటువంటి చెరువులను తొలగించమని తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టం చెరువులను మళ్ళీ నిలబెట్టింది. రొయ్య పోయే దేశాలు అమెరికా, జపాను, యూరపు. చెరువు గట్టుమీద రాత్రిళ్ళు కావలి ఉండేది యానాది. రోము నాణేల కాలానికీ దీనికీ గల పోలిక నేను చెప్పకనే పాఠకులకు తడుతుంది.

కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలుస్తుంది. నెల్లూరు చోళుల కాలంనుంచి ఇది రేవే; ఇక్కడి శాసనాలు 1905లో బటర్‌వర్తు, వేణుగోపాల చెట్టి ప్రకటించిన సంపుటాలలో ఉన్నవి. తిక్కన ఉన్న నెల్లూరుకు సముద్రపు వాకిలి ఇటువంటి రేవులే. 2008లో ఇక్కడ కొత్త ఓడరేవు ప్రారంభమైంది. 2020–21లో అదానీ సంస్థ చేతికి పోయింది. పక్కనే నేలటూరులో బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు. ఓడ ఇప్పుడు గోడకు ఆనుకొని నిలబడుతుంది. మసూలా పడవ అక్కరలేదు. మంచిదే. పడవవాడు నడుము విరగకుండా సరుకు దిగడం అభివృద్ధి కాదని ఎవరంటారు? కాని తీరం వెంట నడిచేవాడు ఇక్కడ ఆగిపోవాలి. ప్రహరీ, గేటు, కావలి. చుట్టు తిరిగి ముత్తుకూరు మీదుగా పోవలసిందే. ఇంతకాలం ఒడ్డు అందరిదీ అయినందున దానికి హద్దురాయి లేదు. హద్దు వచ్చాక అది ఎవరిదని అడగవలసి వస్తున్నది.

ఇంకా దక్షిణాన దుగరాజపట్నం. ఇంగ్లీషువారు ఆర్మగాను అని వ్రాసినది దీనినే. తమకు సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరు అలా పెట్టారని చెబుతారు. బందరులో గోల్కొండ అధికారుల ఒత్తిడి భరించలేక 1626లో ఇక్కడ దిగారు. 1628 నాటికి పన్నెండు ఫిరంగులతో కోట కట్టారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారి తొలి కోట మద్రాసు కాదు, ఇది. నేను వెళ్ళినప్పుడు కోట ఎక్కడని ఒక ముసలి పట్టపాయనను అడిగితే, "కోట యాడుంది సామీ, లైటుహౌసు ఉండాది గాని" అన్నాడు. నిజమే. ఇసుకలో ఇటుక ముక్కలు తప్ప మరేమీ లేవు.

రేవు ఎందుకు పోయింది? ఇసుక మేట వేసిందని పుస్తకాలు చెబుతాయి. తీరంవెంట అల ఇసుకను మోసుకుపోవడం, ఏటి నోళ్ళు పూడడం ఇక్కడ నిత్యకృత్యమే. కాని ఆర్మగాను విషయంలో అసలు కారణం ఇసుక కాదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన వెతుక్కుంటూ పోయి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర మద్రాసపట్నంలో కోటకు అనుమతి సంపాదించాడు. అక్కడ లంగరుకు మంచి చోటు లేదు; అలలు ఇక్కడికంటె నయమేమీ కాదు. మరి ఏముంది? అద్దకపు బట్ట, నూలు బట్ట ఆర్మగానుకంటె చౌకగా దొరుకుతుంది. అంటే నేతవాని శ్రమ ఎక్కడ చౌకో ఓడ అక్కడ లంగరు వేసింది. ఒక మహానగరం పుట్టడానికీ, ఒక రేవు చావడానికీ కారణం మగ్గం దగ్గర బేరంలో ఉంది. ప్రకృతిమీద నెపం వేయడం చరిత్రకారునికి సులువు. ఇసుక తిరిగి జవాబు చెప్పదు.

ఆ అద్దకపు బట్టలలోని ఎరుపును యూరపు దేశాలలో మెచ్చనివారు లేరు. ఎన్ని ఉతుకులకూ పోని ఎరుపు. అది చిరివేరు రంగు. సముద్రపు ఇసుకనేలలో తనంతట మొలిచే చిన్న మొక్క. సన్నని పొడుగాటి వేరు. పటికతో కలిస్తే బట్టను పట్టుకుంటుంది. ఆ వేరును తెగకుండా తవ్వి తీయగలవారు యానాదులు. శ్రీహరికోట దీవిలో వారు చిరివేరు, తేనె, కట్టెలు సేకరించి దొరతనంవారికి ఇస్తే కొలిచిన గింజలు దక్కేవి. 1873లో బాస్వెల్ వ్రాసిన నెల్లూరు జిల్లా మాన్యుయల్‌లోను, 1909లో థర్‌స్టన్ పుస్తకంలోను వారి ముఖ కవళికలు, ఆచారాలు వర్ణించబడ్డాయి. కలంకారీ మీద వచ్చిన అందమైన పుస్తకాలలో రాణులున్నారు, వర్తకులున్నారు, చిత్రకారుడు కూడ అప్పుడప్పుడు ఉన్నాడు. వేరు తవ్వినవాడు లేడు. పైగా నేరస్థ జాతుల చట్టం పేర ఆ తెగవారిని కొన్నిచోట్ల పోలీసు దస్త్రంలోకి ఎక్కించారు. ఆ చట్టం దేశమంతటా రద్దయినది 1952లో. నెల్లూరు సీమవాడైన వెన్నెలకంటి రాఘవయ్య వారికోసం సంఘం పెట్టి జీవితకాలం పనిచేశాడు. ఆయన పని ఇంకా మిగిలే ఉంది.

శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు; 1971 అక్టోబరు 9న అక్కడనుంచి మొదటి రాకెట్ లేచింది. దేశమంతా గర్వపడింది, పడవలసిందే. ఆ అడవిలోని యానాది గూడేలు కదిలాయి. కొందరు కేంద్రంలోనే కూలిపనికి మిగిలారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు ఈ దీవి తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది. నడిచేవానికి ఇక్కడ రెండవసారి దారి మూసుకుంటుంది. సూళ్ళూరుపేట తిరిగి పులికాటు సరస్సు దక్షిణపు కొనకు పోవాలి.

అక్కడ, ఇప్పటి తమిళనాడులో, డచ్చివారు 1610 నుంచి నిలిచారు. 1613లో గెల్డ్రియా కోట కట్టారు. మన పూర్వులు వారిని వలందావారు అన్నారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఈ కోటనుంచి బట్టల మూటలతో పాటు మనుషులు కూడ ఓడలెక్కారు. బటేవియాకు బానిసలుగా వేలమంది పోయారు. అన్ని ఏళ్ళూ ఒకే తీరుగా పోలేదు. పంటలు పోయి జనం పిల్లలను అమ్ముకొనే ఏళ్ళలో, 1646లో, 1659–61లో, ఎగుమతి పెరిగింది. కరువు 1877లో కాలువ తవ్వించింది. 1646లో ఓడ నింపింది. రెండుసార్లూ కొన్నవాడు ధర తక్కువగా ఉన్నప్పుడే కొన్నాడు.

పులికాటు శ్మశానంలో డచ్చివారి సమాధులు చక్కగా ఉన్నాయి. రాతిమీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు చెక్కి ఉన్నాయి, పురావస్తుశాఖవారు కాపాడుతున్నారు. ఓడలెక్కిపోయినవారి జాడ కావాలంటే కంపెనీ కాగితాలలో వెతకాలి. అవి హేగ్‌లోను జకార్తాలోను ఉన్నాయి, డచ్చి భాషలో ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలలో ఇంగ్లీషు దస్త్రాలు తిరగవేసినవారు కొల్లలు. ఆ భాష నేర్చినవారు వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది కూడ ఉన్నారో లేదో. ఎవరైనా తెలుగు విద్యార్థి ఆ పనికి పూనుకుంటే, ముందు ఇసుకపల్లినుంచి పులికాటు దాకా ఒకసారి నడిచి పొమ్మని నా సలహా. చలికాలంలో అయితే ఎండ బాధించదు.